దిగమన్న మాట

నాగావళి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్న నిరంజనయ్య గారికి ఒక అలవాటు ఉండేది. శాస్త్రంలో సందేహం అడిగితే చేతిలో పని ఆపకుండా అక్కడికక్కడే చెప్పేవారు. బతుకులో సందేహం అడిగితే మాత్రం నోరు విప్పేవారు కారు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించి, తాను పొట్లపాదు దగ్గరికో పశువుల శాలలోకో వెళ్ళిపోయేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు అది నిర్లక్ష్యమనుకుని నొచ్చుకునేవారు. పాతవాళ్ళు మాత్రం ఏం పని చెప్పారో చూసి, జవాబు ఎంత కాలానికి వస్తుందో అంచనా కట్టుకునేవారు.

లోకనాథం పాతవాడే. ఏటికి అవతల, ఎగువనున్న ఒక పెద్ద ఊరికి మునసబు గారి కొడుకు; చుట్టుపక్కలవాళ్ళు నాయుడు బాబు అనేవారు. మునసబుగిరీ తండ్రి తర్వాత కొడుక్కి వచ్చే రోజులవి. ఆ ఏడు జ్యేష్ఠంలో తండ్రి పోయాడు. వానలు వెనకబట్టగానే వచ్చి తండ్రి కూర్చున్న అరుగు మీద కూర్చోవాలని బంధువులు కబురు పెట్టారు. ఆ అరుగు మీద నుంచి తండ్రి చెప్పిన శిక్షలన్నీ లోకనాథం చిన్నప్పుడు చూసినవే. స్తంభానికి కట్టించి కొట్టించడం, గుండు గీయించి వీధులు తిప్పించడం, ఊరి బావి దగ్గరికి రానివ్వకపోవడం. వీటన్నిటికంటే అతనికి బాగా గుర్తుండిపోయింది ఇంకొకటి. మనిషిని కొట్టించిన రోజున కూడా తండ్రి వేళకి భోంచేసి, వేళకి నిద్రపోయేవాడు. అది లోకనాథానికి మింగుడు పడేది కాదు.

శ్రావణంలో ఒక ఉదయం అతను గురువు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యవారూ, శిక్ష ఎవరి కోసం? తప్పు చేసినవాడి కోసమా, నష్టపోయినవాడి కోసమా, చుట్టూ నిలబడి చూసేవాళ్ళ కోసమా? ఇది తేలకుండా నేను ఆ అరుగు ఎక్కలేను."

నిరంజనయ్య గారు అతని వంక చూశారు. ఏం పని చెప్పేవారో తెలియదు గాని, ఆ లోపలే ఆశ్రమం పక్కనే ఉన్న రేవు ఊరి పెద్దలు గుంపుగా ఆశ్రమంలోకి వచ్చారు. వాళ్ళ మధ్యలో పడవ నడిపే దాలయ్య తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

అంతకు కొద్ది రోజుల ముందు జరిగింది ఇది. సంతరోజు సాయంత్రం. కొండల్లో వాన పడి ఏటి నీళ్ళు ఎర్రబడి ఉరుకుతున్నాయి. అవతలి ఒడ్డున సంత నుంచి తిరిగొచ్చే జనం రేవులో కిక్కిరిసి ఉన్నారు. దాలయ్య ఆ ఏట్లో పుట్టి పెరిగినట్టు పెరిగినవాడు. ఎక్కుతానన్నవాణ్ణి ఎన్నడూ వద్దన్నవాడు కాడని అతనికి పేరు. ఆ పేరంటే అతనికి ఇష్టం కూడా. ఆ పూట పడవ అంచు నీళ్ళకి ఆనుతోందని చూశాడు. చూసి కూడా ఎక్కించుకున్నాడు. అందరికంటే చివర వచ్చింది అసిరమ్మ కూతురు పార్వతి. పన్నెండేళ్ళ పిల్ల. ఒడ్డున నిలబడి దిగులుగా చూస్తుంటే, దాలయ్యే చేతులు చాచి పైకెత్తి పడవ ముక్కు దగ్గర కూర్చోబెట్టాడు. ఏటి మధ్యలో పడవ ఒరిగింది. దాలయ్య మునిగి, లేచి, దొరికినవాళ్ళనల్లా పడవ చెక్క దగ్గరికి చేర్చాడు. మిగతా అందరూ బతికారు. పార్వతి మాత్రం మర్నాడు దిగువన తుంగలో దొరికింది.

ఠాణా నుంచి వచ్చినవాళ్ళు ఇది ఏటి ప్రమాదమని తేల్చి వెళ్ళిపోయారు. ఊరికి అది చాలలేదు. కట్టేసి కొట్టాలని కొందరన్నారు. గాడిద మీద ఊరేగించాలని కొందరు. ఊళ్ళోంచి వెళ్ళగొట్టి, పడవకి నిప్పు పెట్టాలని కుర్రకారు. దాలయ్య దేనికీ కాదనలేదు. "ఏటి సేసినా నాను అడ్డు సెప్పను బాబూ," అన్నాడు. వాదులాట తెగక, అయ్యవారు ఎలా చెబితే అలా చేద్దామని అందరూ కలిసి వచ్చారు. కూతుర్ని పోగొట్టుకున్న అసిరమ్మ వెనకాల, గుంపుకి ఎడంగా, చూరు కింద నిలబడింది. భర్త పోయి చాలా కాలమైన మనిషి. ఆ పిల్ల తప్ప ఆమెకి ఎవరూ లేరు.

నిరంజనయ్య గారు అంతా విని, లోకనాథం వైపు తిరిగారు.

"అడిగావు కదా. నువ్వే చెప్పు," అని పొట్లపాదు వైపు వెళ్ళిపోయారు.

లోకనాథం ఉలిక్కిపడ్డాడు గాని వెనక్కి తగ్గలేదు. చాలాసేపు ఆలోచించాడు. కొట్టడం వద్దన్నాడు, దెబ్బ మానిపోతుంది. ఊరేగించడం వద్దన్నాడు, అది చూసేవాళ్ళకి వినోదం. వెళ్ళగొట్టడమూ వద్దన్నాడు, పరాయి ఊళ్ళో అతని తప్పు ఎవరికీ తెలియదు. చివరికి ఇలా తీర్పు చెప్పాడు. దాలయ్య బతికినంత కాలం గడ ముట్టకూడదు, పడవ ఎక్కకూడదు. అతని పడవని ఒడ్డు మీదికి ఈడ్చి బోర్లించి ఉంచాలి, రేవుకి వచ్చినవాళ్ళందరూ దాన్ని చూడాలి. దాలయ్య మాత్రం ఊళ్ళోనే ఉండాలి. ఏ పనిలో గర్వపడ్డాడో ఆ పనికే దూరం కావాలి. పెద్దలు తలలూపారు. తగిన తీర్పని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. దాలయ్య చేతిలోని వెదురు గడని లోకనాథం కాళ్ళ దగ్గర పెట్టి దండం పెట్టాడు. లేచేటప్పుడు అతని ముఖంలో ఒక తేలిక కనిపించింది. లోకనాథం దాన్ని చూశాడు. అది పశ్చాత్తాపమే అనుకున్నాడు.

ఆ రాత్రి అతను వేళకి భోంచేశాడు, వేళకి నిద్రపోయాడు. తండ్రిలాగా కాదు, న్యాయం చేసినందువల్ల పట్టిన నిద్ర అని తనకి తాను చెప్పుకున్నాడు. గురువు గారు తీర్పు ఎలా ఉందో ఒక్క మాటైనా అనకపోవడం మాత్రం కొంచెం గుచ్చుకుంది.

వానలు ముదిరాయి. అవతలి ఒడ్డున మెట్టచేలల్లో కలుపు పనులు మొదలయ్యాయి. రేవు ఊరి ఆడవాళ్ళకి కూలి అంటే ఆ చేలే. పడవ లేదు. ఇంకెవరైనా నడుపుతారేమోనని చూశారు గాని, పిల్ల పోయిన రేవులో పడవ దింపడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఇక ఎగువన ఉన్న రాతి కట్ట మీదుగా చుట్టు తిరిగి పోవడమే. తెల్లారకముందు బయల్దేరితే పొద్దెక్కాక చేరేవాళ్ళు. ఆలస్యంగా వచ్చారని చేను ఆసాములు సగం పూట కోసేవారు. పాలు తాగే పిల్లలున్నవాళ్ళు పనే మానుకున్నారు. ఈ సంగతి లోకనాథం చెవిన పడింది. గురువు గారి దగ్గరికి వెళ్ళి, ఏం చెయ్యాలని అడిగాడు. ఆయన ఎద్దు కొమ్ముకి నూనె రాస్తూ, "వాళ్ళతో నడిచి చూడు," అన్నారు. అంతే.

మర్నాడు అతను ఆడవాళ్ళ గుంపు వెనక నడిచాడు. దారి పొడుగునా బురద. రాతి కట్ట మీద నీళ్ళు పాదాల మీదుగా పారుతుంటే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటారు. గుంపులో అసిరమ్మ ఉంది. కట్ట దాటాక ఆమె నడక తగ్గించి అతని పక్కకి వచ్చింది. తీర్పు రోజున ఆమెని ఎవరూ ఏమీ అడగలేదన్న సంగతి లోకనాథానికి అప్పుడు తట్టింది.

"నాయుడు బాబూ, నువ్వు శిచ్చ మా ఆడోళ్ళకి ఏసినావు. ఆడికి కాదు."

లోకనాథానికి ముఖం వేడెక్కింది. దాలయ్య తిండి గడవక పశువులు కాస్తున్నాడని, అది చిన్న శిక్ష కాదని చెప్పబోయాడు. ఆమె వినిపించుకోలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. దాలయ్య పశువుల్ని కొండవైపే తోలుతున్నాడని చెప్పింది. నీళ్ళకి కూడా ఏటికి తేడట, ఊటగుంటకి తోలుతాడట. పిల్ల పోయిన రోజు నుంచి అతను ఏటి ముఖం చూడలేదు. ఏటిని చూడాలంటే అతనికి భయం. ఇక చూడనక్కరలేదని నాయుడు బాబే తీర్పు చెప్పి దాపు ఇచ్చాడు. తీర్పు విన్నప్పుడు అతని ముఖం ఎలా విప్పారిందో చూరు కింద నుంచి తనకి కనిపించిందట.

లోకనాథం నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. ఆ ముఖం అతని కళ్ళ ముందుకి వచ్చింది. మళ్ళీ నడక అందుకున్నాడు. చివరికి, అయితే ఏం చెయ్యమంటావని అతనే అడిగాడు.

"ఆడు పడవ నడపాల. నానెక్కాల. నా గుంట పార్వతి కూసున్న కాడ నాను కూసోవాల. పనున్నన్నాళ్ళూ, పొద్దున్నా మాపూ."

"నువ్వు కూర్చోగలవా?"

"నాను ఆ పడవలోనే ఉన్నాను బాబూ. దిగిందెప్పుడు?"

చెప్పిన తీర్పు మార్చుకోవడం లోకనాథానికి సులువు కాలేదు. రేపు అరుగు ఎక్కవలసినవాడు. మాట మీద నిలబడలేడన్న పేరు అతనికంటే ముందే అతని ఊరు చేరుతుంది. గురువు గారు మార్చమని చెబితే బాగుండునని ఎదురుచూశాడు. ఆయన చెప్పలేదు. రెండు పూటలు గింజుకుని, మూడో పూట పెద్దల్ని పిలిపించి, అందరి ముందూ తన తీర్పు తప్పని ఒప్పుకుని వెనక్కి తీసుకున్నాడు. కొందరు నవ్వారు. కూతుర్ని పొట్టన పెట్టుకున్నవాడి పడవ ఎక్కుతానంటుందేమిటని కొందరు అసిరమ్మని కూడా ఈసడించారు. ఆమె వాళ్ళ వంక చూడనైనా చూడలేదు.

కానీ దాలయ్య కుప్పకూలిపోయాడు. ఇన్నాళ్ళూ దేనికీ అడ్డు చెప్పనన్న మనిషి లోకనాథం కాళ్ళు పట్టుకున్నాడు. "కొట్టించండి బాబూ. ఊరొదిలిపొమ్మంటే ఈ పూటే పోతాను. ఏట్లోకి మాత్రం ఎల్లమనకండి," అన్నాడు. ఒక నిమిషం లోకనాథం మనసు కరిగింది. ఇది మరీ కర్కశమేమో అనిపించింది. అతన్ని లేవదీసి, ఆ మాట తనతో కాదు, అసిరమ్మతో చెప్పుకోమన్నాడు. ఆమె పక్కనే నిలబడి ఉంది. దాలయ్య ఆమె వైపు తిరిగాడు. తలెత్తలేకపోయాడు. కొంతసేపటికి వెళ్ళి గడ తెచ్చుకున్నాడు.

బోర్లించిన పడవని పదిమంది కలిసి తిప్పి నీళ్ళలోకి నెట్టారు. మొదటిరోజు ఎక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. అసిరమ్మ ఒక్కతే ఎక్కింది. లోకనాథం ఆమె వెనకాల ఎక్కాడు. ఆమె పడవ ముక్కు దగ్గర, దాలయ్యకి ఎదురుగా కూర్చుంది. ఒడ్డున ఊరంతా ఉంది. దాలయ్య గడ వేశాడు. రెండుసార్లు గడ జారింది. ఏటి మధ్యకి వచ్చేసరికి, పడవ ఒరిగిన చోటు చేరేసరికి, అతను ఆగిపోయాడు. గడని గుండెకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. పడవ వాలుకి పక్కకి తిరగసాగింది. లోకనాథానికి ఈత రాదు. రెండు చేతులా పడవ అంచు గట్టిగా పట్టుకున్నాడు. అసిరమ్మ కదలలేదు.

"నడుపు," అంది.

దాలయ్య కళ్ళు తెరిచాడు. ఏటిని చూశాడు. గడ వేశాడు.

అలా మొదలైంది. కొన్నాళ్ళకి మిగతా ఆడవాళ్ళు ఎక్కారు, తర్వాత మగవాళ్ళూ ఎక్కారు. పడవ ముక్కు దగ్గర చోటు అసిరమ్మది. ఆమె రాకపోయినా అక్కడ ఎవరూ కూర్చునేవారు కారు. ఆమె రోజూ దాలయ్య చేతుల వంకే చూస్తూ కూర్చునేది. ఆ మొదటి మాట తర్వాత అతనితో ఇంకో మాట ఆడలేదు. అతనూ ఆడలేదు. చెప్పుకోదగ్గ మార్పు ఏదైనా ఉంటే ఒకటే. ఎవరూ చెప్పకుండానే దాలయ్య పడవ పక్క చెక్క మీద సున్నంతో అడ్డగీత గీశాడు. నీళ్ళు ఆ గీత తాకితే ఇక ఒక్కరిని కూడా ఎక్కనిచ్చేవాడు కాడు. వానకి గీత చెరిగితే మళ్ళీ గీసేవాడు. లోకనాథం వీలైనప్పుడల్లా వెళ్ళి పడవలో కూర్చుని వచ్చేవాడు. ఏం చూడటానికి వెళుతున్నాడో అతనికే స్పష్టంగా తెలిసేది కాదు. ఆ రోజుల్లో అతనికి సరిగా నిద్ర పట్టేది కాదు. దాని గురించి గురువు గారికి చెప్పలేదు.

ఆశ్వయుజంలో తుఫాను పట్టింది. మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది. అవతలి ఒడ్డున పని సగంలో ఆపి కూలివాళ్ళంతా రేవుకి పరుగెత్తుకొచ్చారు. సంత జనం కూడా తోడయ్యారు. లోకనాథం ఆ పూట వాళ్ళతోనే ఉన్నాడు. నీళ్ళు రంగు మారుతున్నాయి. దాలయ్య మోకాలి లోతు నీళ్ళలో దిగి, గడని అడ్డంగా పట్టుకుని, ఒక్కొక్కరినే ఎక్కించాడు. నీళ్ళు గీతకి జానెడు దిగువకి, బెత్తెడు దిగువకి వచ్చాయి. ఇక చాలు, మళ్ళీ వస్తానన్నాడు. కరణం గారి బావమరిది ఒకాయన సరుకు మూటలతో వచ్చి తోసుకుని ఎక్కబోయాడు. దాలయ్య గడ తియ్యలేదు. ఆయన బూతులు తిట్టాడు. గొడుగు కర్రతో దాలయ్య భుజం మీద బలంగా కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. దాలయ్య దెబ్బలు కాచుకోలేదు, పక్కకీ జరగలేదు. "రొండో ఇడత బాబూ," అని మాత్రం అన్నాడు. లోకనాథం అడ్డం వెళ్ళి గొడుగు పట్టుకునేసరికి ఆయన గొణుక్కుంటూ వెనక్కి తగ్గాడు.

అప్పుడు వచ్చింది అసిరమ్మ, నెత్తిన గడ్డిమోపుతో, వానలో తడుస్తూ. జనం ఆమెకి దారి ఇచ్చారు. ఆమె చోటు ఖాళీగానే ఉంది. దాలయ్య కూడా గడ పక్కకి తీశాడు. ఎవరికైనా అడ్డు గాని ఆమెకి అడ్డేమిటి? ఆమె మోపుతో సహా ఎక్కి కూర్చుంది. పడవ ఇంకొంచెం కిందికి దిగింది. నీళ్ళు గీతని తాకి, గీత మీదికి వచ్చాయి.

దాలయ్య గీత వంక చూశాడు. కొండల మీద మబ్బు వంక చూశాడు. ఆ తర్వాత, ఇన్ని నెలల్లో మొదటిసారి, తలెత్తి అసిరమ్మ ముఖం వంక చూశాడు. ఎవరో, ఆ తల్లిని రానీయి, ఏమీ కాదులే అన్నారు. దాలయ్య వినిపించుకోలేదు.

"అమ్మా, దిగు," అన్నాడు. "బరువైపోనాది. నువ్వూ దిగాల."

ఎవరూ కదలలేదు. అసిరమ్మ అతని వంక చూస్తూ కొంతసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి, మోపు ఎత్తుకుని, నీళ్ళలోకి దిగి ఒడ్డుకి వచ్చింది. దాలయ్య పడవ ఎక్కి గడ వేశాడు. పడవ వానలో మసకబడి, ఏటి మధ్య దాటి, ఊరి వైపు ఒడ్డు అందుకునే దాకా ఆమె కన్ను తిప్పకుండా చూసింది. లోకనాథం ఆమె పక్కన నిలబడ్డాడు.

"సెప్పినాడు బాబూ," అంది.

అతను మోపు అందుకోబోయాడు.

"ఆ రోజు ఆ నోరు నేకే గదా నా గుంట..." అని, ఆ మాట పూర్తి చెయ్యకుండా ఇసక మీద కూలబడింది. మోపు పక్కన పడేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పిల్ల దొరికిన రోజున కూడా ఆమె ఏడవగా ఎవరూ చూడలేదని రేవు ఊరివాళ్ళు చెబుతారు.

దాలయ్య రెండో విడతకి వచ్చాడు. అసిరమ్మ ఎక్కి తన చోట కూర్చుంది. ఆ పూట ఆమె అతని చేతుల వంక చూడలేదు. గడ్డిమోపుకి తల ఆనించుకుని, ఊరి వైపు ఒడ్డు వచ్చేదాకా కళ్ళు మూసుకుంది.

తుఫాను వెలిసింది. లోకనాథానికి ఊరి నుంచి మళ్ళీ కబురొచ్చింది. ఇక జాగు చెయ్యడానికి లేదు. సెలవు తీసుకోవడానికి గురువు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన గాలికి ఒరిగిపోయిన పొట్లపందిరిని నిలబెట్టి, రాట పాతుతున్నారు. లోకనాథం రాట పట్టుకున్నాడు. పట్టుకునే, రేవులో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పి, మనసులో ఉన్నది అడిగాడు. శిక్ష వేసినవాడు తాను. వెళ్ళిపోయేలోగా, అది పూర్తయిందని పదిమందిలో చెప్పి పోవడం తన ధర్మం కాదా?

నిరంజనయ్య గారు రాట చుట్టూ మట్టి కూరి కాలితో తొక్కుతూ అడిగారు.

"అసిరమ్మ అడిగిందా?"

"లేదు."

"దాలయ్య అడిగాడా?"

"లేదండి. ఈ ఉదయం కూడా ఇద్దరూ పడవలోనే ఉన్నారు."

ఆయన మట్టి తొక్కడం పూర్తిచేసి, రాటని ఒకసారి ఊపి చూసి, చేతులు దులుపుకున్నారు. ప్రయాణం ఎప్పుడని అడిగారు. రేపు ఉదయమేనని లోకనాథం చెప్పి, పాదాలకి నమస్కరించాడు. కట్ట మీదుగా వెళతావా, రేవు మీదుగానా అని అడిగారు. రేవు మీదుగానే అన్నాడు.

"మంచిది," అన్నారు నిరంజనయ్య గారు. "పడవ నిండి ఉంటే ఆగు."